మనీ ప్లాంట్ కుండీ మార్పిడి – ఐదవ పాఠం: పాత వేళ్ళు, కొత్త కుండీ

ఏళ్ళ తరబడి ఒకే కుండీలో పడి ఉన్న మనీ ప్లాంటును బయటికి తీశాక “వేళ్ళ చుట్టను విప్పండి” అని నాలుగవ పాఠంలో వ్రాశాను. ఆ ఒక్క మాట ఇంత పని చేస్తుందని నేను ఊహించలేదు. చదివి చేసినవారిలో చాలామంది విప్పడమంటే జడ విప్పినట్టు చివరిదాకా విప్పడమని అర్థం చేసుకున్నారు. కొందరు మొక్కను కుళాయి కింద పెట్టి మట్టి రేణువు మిగలకుండా కడిగారు; ఒకరైతే పాత దువ్వెన తీసుకుని దువ్వారు. మూడు రోజులకే ఆకులు వాలిపోయాయని, నీళ్ళు ఎన్ని పోసినా తేరుకోవడం లేదని వచ్చిన ఉత్తరాలు చూశాక, ఈ పాఠానికి అనుకున్న విషయాన్ని పక్కన పెట్టి ముందు ఆ సంగతి తేల్చవలసి వచ్చింది. తప్పు అలా చేసినవారిది కాదు, నా మాటది.

నేను ఉద్దేశించింది ఇది. కుండీ గోడ వెంబడి, అడుగున, గుండ్రంగా తిరిగి తిరిగి చాపలా అల్లుకున్న వేళ్ళు ఉంటాయి కదా, వాటిని మాత్రమే చేతివ్రేళ్ళతో వదులు చేయాలి. వదులు కాని అడుగు చాపను కత్తితో అర అంగుళం మందాన కోసివేయవచ్చు. లోపలి మట్టి ముద్దను విడదీయకూడదు, కడగకూడదు. మనకు కంటికి కనిపించే లావు వేరు ఎక్కువగా మోసుకుపోయే గొట్టమే. నీటిని తాగేది దాని కొసల దగ్గర నూగులా ఉండే సన్నని కేశాలు. మట్టి కడిగినప్పుడు మట్టితో పాటు అవే ఊడిపోతాయి. కడిగిన వేళ్ళు తెల్లగా, శుభ్రంగా, ఆరోగ్యంగా కనిపించినా తాగడానికి నోరు లేని స్థితిలో ఉంటాయి.

కనుక కడిగేసినవారు ఇప్పుడు చేయవలసింది నీళ్ళు పోయడం కాదు, ఆపడం. మట్టి ఎండి ఆకు వాలడమూ, మట్టి తడిగా ఉండగా ఆకు వాలడమూ చూడడానికి ఒక్కలాగే ఉంటాయి, కానీ రెండింటికీ మందు ఒకటి కాదు. మొదటిదానికి నీళ్ళు చాలు. రెండవదానిలో వేళ్ళు తాగలేకపోతున్నాయి, అప్పుడు పోసిన ప్రతి చెంబూ మట్టిలోని గాలిని తరిమివేసి మిగిలిన వేళ్ళను కూడా కుళ్ళబెడుతుంది. మొక్కను ఎండ నేరుగా తగలని, వెలుతురు బాగా ఉన్న చోట పెట్టండి. ఫ్యాను గాలి తగలనివ్వకండి. ఎరువు వేయవద్దు, వర్మీకంపోస్టు గుప్పెడైనా వేయవద్దు. చూపుడువ్రేలు రెండు కణుపుల లోతున గుచ్చినప్పుడు పొడిగా తగిలితేనే నీళ్ళు పోయండి. మన వాతావరణంలో కొత్త వేరు నూగు రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఈలోగా అడుగున నాలుగైదు ముసలి ఆకులు పసుపెక్కి రాలితే కంగారు పడకండి, మొక్క తన ఖర్చు తగ్గించుకుంటోంది. తీగ మొదలు మెత్తబడి, నల్లబడి, మురుగు వాసన వస్తే మాత్రం ఎదురుచూడవద్దు. ఆ నల్లదనానికి పైన గట్టిగా ఉన్న తీగను కోసి, నీళ్ళ సీసాలో వేసి, మళ్ళీ మొదటి పాఠానికి రండి.

సీసా మాట వచ్చింది కాబట్టి మరొకటి. కత్తిరించిన తీగల నుంచి ఆకును కాడతో సహా త్రుంచి నీళ్ళలో వేసినవారు కొందరున్నారు. కణుపు లేని ఆకుకు వేళ్ళు రావచ్చు, నెలల తరబడి పచ్చగా ఉండవచ్చు, కానీ దాని నుంచి తీగ ఎన్నటికీ రాదు. చిగురు మొగ్గ ఉండేది కణుపు దగ్గర. పక్కింటి నుంచి దొంగతనంగా తెచ్చిన మనీ ప్లాంటే అచ్చివస్తుందంటారు, దొంగిలించేటప్పుడైనా కణుపు చూసి దొంగిలించండి.

ఇక కుండీ. నేను ప్లాస్టిక్ కుండీనే వాడతాను. మట్టి కుండీ గోడలకు వేళ్ళు జలగల్లా అతుక్కుంటాయి, మళ్ళీ మార్చే రోజున సగం వేళ్ళు కుండీకే మిగిలిపోతాయి. నీళ్ళు ఎక్కువ పోసే అలవాటు ఉన్నవారికి మాత్రం మట్టి కుండీయే మేలు, దాని గోడ గుండా కూడా తడి ఆరుతుంది. కొలత విషయంలో అంగుళాలను నమ్మకండి. ఎనిమిది అంగుళాల కుండీ నుంచి పదికి మారితే వెడల్పు రెండంగుళాలే పెరిగినట్టు అనిపిస్తుంది, కానీ ఎత్తు కూడా అదే లెక్కన పెరుగుతుంది కాబట్టి పట్టే మట్టి దాదాపు రెట్టింపు అవుతుంది. పద్నాలుగు అంగుళాలకు దూకితే ఐదు రెట్లు దాటుతుంది. వేళ్ళు చేరని ఆ మట్టిలోని నీటిని తాగేవారు ఎవరూ లేరు. ఒకసారికి రెండంగుళాలు, అంతే.

ఇప్పుడు నన్ను ఏళ్ళుగా విసిగిస్తున్న అలవాటు దగ్గరికి వద్దాం. కుండీ అడుగున పెంకులో, ఇటుక ముక్కలో, గులకరాళ్ళో మూడంగుళాల మందాన పరిచి, దానిమీద మట్టి పోస్తే నీళ్ళు బాగా దిగుతాయని అందరూ చెబుతారు. నాకూ మొదట అలాగే చెప్పారు, నేనూ పది మందికి అలాగే చెప్పాను. ఇది తప్పు. నీళ్ళు దిగడం మెరుగు కాదు సరిగదా, తడి వేళ్ళకు మరింత దగ్గరవుతుంది.

ఎందుకో చెబుతాను. ప్రమిదలో వత్తి నూనెను పైకి లాగుతుంది. నూలు పోగుల మధ్య సందులు అంత సన్నవి కాబట్టే లాగగలుగుతుంది. మట్టి కూడా వత్తి లాంటిదే. దానిలోని సన్నని సందులు నీటిని పట్టుకుని ఉంచుతాయి, కింద ఉన్న ఇటుక ముక్కల మధ్య పెద్ద ఖాళీలకు ఆ నీటిని లాక్కునే శక్తి ఉండదు. అందుకే మట్టి, రాళ్ళు కలిసే చోటికి వచ్చిన నీరు వెంటనే రాళ్ళలోకి జారదు. మట్టి పూర్తిగా నానిపోయి ఇక పట్టలేనంత అయినప్పుడే చుక్కలుగా వదులుతుంది. రాళ్ళు లేకపోయినా కుండీ అడుగున ఇదే జరుగుతుంది, అక్కడ రాళ్ళకు బదులు బయటి గాలి ఉంటుంది. మీరు ఎంత మంచి మిశ్రమం కలిపినా అడుగున కొంత మేర నానిన పొర మిగిలే తీరుతుంది, ఆ పొర మందం మట్టి స్వభావాన్ని బట్టి ఉంటుంది గాని కుండీ ఎత్తును బట్టి కాదు. మీ మిశ్రమానికి అది రెండంగుళాలు అనుకుందాం. పదంగుళాల ఎత్తు మట్టిలో కింది రెండంగుళాలు నానితే, పై ఎనిమిదంగుళాలలో వేళ్ళు ఊపిరి తీసుకుంటాయి. అదే కుండీలో మూడంగుళాల ఇటుక ముక్కలు వేస్తే మట్టి ఏడంగుళాలే మిగులుతుంది, నానిన రెండంగుళాల పొర ఆ ముక్కల మీదికి ఎక్కి కూర్చుంటుంది, ఊపిరి తీసుకునే చోటు ఐదంగుళాలకు పడిపోతుంది. పెద్ద కుండీ కొని, చిన్న కుండీ చేసుకున్నట్టయింది.

నమ్మకం కలగకపోతే గిన్నెలు తోమే కొత్త స్పాంజి ఒకటి తీసుకోండి. నీళ్ళలో బాగా ముంచి, పిండకుండా, వెడల్పు వైపు కిందకు ఉండేలా అరచేతి మీద పడుకోబెట్టినట్టు పట్టుకోండి. చుక్కలు కారడం ఆగేదాకా ఆగండి. ఆగాక దానిని నిలువుగా తిప్పండి. మళ్ళీ గబగబా కారుతుంది. స్పాంజి అదే, నీళ్ళూ అవే, ఎత్తు ఒక్కటే మారింది. కుండీలో మట్టి ఎత్తును తగ్గించడమంటే నిలువుగా ఉన్న స్పాంజిని పడుకోబెట్టడమే. ఇంతా చెప్పాక “మా అమ్మ అడుగున పెంకు వేసేది, మొక్కలు బాగానే ఉండేవి” అనేవారు ఉంటారు. మా అమ్మా వేసేది. చిల్లు మీద మట్టి జారకుండా ఒకే ఒక్క పెంకును బోర్లా పెట్టేది, అది వేరు, మూడంగుళాల పొర వేరు. ఆ ఒక్క పెంకుకు బదులు నేను దోమతెర ముక్క వేస్తాను.

మిశ్రమం మూడవ పాఠంలోనిదే. అందులో ఇసుకకు బదులు, రాళ్ళను మరలో నలిపి చేసే రోబో శాండ్ వేయవచ్చా అని అడిగారు. దానిలోని మెత్తని రాతిపొడి తడికి బిగుసుకుంటుంది, కాబట్టి ముతక ఇసుకే వాడండి.

మొక్కను కొత్త కుండీలోకి దించే పనికి ఇద్దరు కావాలి. మా వరండా ఊచల వెంట తొమ్మిదేళ్ళు పాకిన తీగను ఒక్కడినే మార్చబోయి, మూడు మూరల తీగను కణుపు దగ్గర పుటుక్కున విరుచుకున్నాను. తీగలన్నిటినీ వదులుగా చుట్టి పాత చీర పేలికతో కట్టి, ఒకరు ఎత్తి పట్టుకోవాలి. మనీ ప్లాంటు చేమ, కందల కుటుంబానికి చెందినది, దాని రసం కూడా దురద పెడుతుంది. కంద తరిగే ముందు చేసినట్టే చేతులకు నూనె రాసుకోండి. కొత్త కుండీలో మొక్క పాత లోతులోనే ఉండాలి, అంచుకు అంగుళమున్నర ఖాళీ మిగలాలి. నర్సరీ నుంచి వచ్చిన మొక్కలకు మొదటి నాటి బంకమట్టి ముద్ద నడిమధ్య అలాగే ఉండిపోతుంది. అది ఒకసారి ఎండితే నీరు దానిని తాకకుండా చుట్టూ ఉన్న గుల్ల మట్టిలో నుంచి జారిపోతుంది. ముందు రాత్రి బకెట్టు నీళ్ళలో ముద్దను నానబెట్టి, దించే ముందు సన్నని ఇనుప ఊచతో నాలుగైదు చోట్ల నిలువుగా పొడిచి ఉంచితే ఈ బాధ ఉండదు.

ఏళ్ళ నాటి తీగ మొదట్లో ఆకులు రాలి బోసిగా ఉంటుంది, అందరూ దానిని కత్తిరించమంటారు. నేను కత్తిరించను. ఆ బోసి తీగను కుండీలోనే మట్టి మీద ఒక చుట్టు తిప్పి, కణుపులు మట్టికి ఆనేలా రెండు మూడు చోట్ల తలపిన్నులతో గుచ్చి పెడతాను. కణుపుల దగ్గర బయటికి పొడుచుకువచ్చే గాలి వేళ్ళు మట్టిలోకి దిగుతాయి, కణుపుల నుంచి చిగుళ్ళు వచ్చి కుండీ నెత్తి నిండుతుంది. మృగశిర కార్తె వచ్చాక, ఎండ చల్లబడ్డాక చేస్తే త్వరగా పట్టుకుంటుంది. రోహిణి కార్తెలో మాత్రం కుండీ ముట్టుకోవద్దు.

అభ్యాసం: ప్రయాణపు సంచులు తూచే కొక్కెం త్రాసు ఒకటి సంపాదించండి. మార్చిన రోజున నిండా నీళ్ళు పోసి, చుక్కలు ఆగాక, పెద్ద సంచిలో పెట్టి కుండీని తూచి, ఆ బరువు వ్రాసుకోండి. తరువాత ఇరవై ఒక్క రోజులు, ప్రతి ఉదయం అదే వేళకు తూచి వ్రాయండి, పక్కనే వ్రేలికి తగిలిన తడిని కూడా వ్రాయండి. రెండు కణుపుల లోతు పొడిబారిన రోజు బరువు చుట్టూ గీత గీసి, ఆ రోజే నీళ్ళు పోయండి. రెండోసారి కూడా అదే బరువు దగ్గర గీత పడితే, ఆ తరువాత వ్రేలు పెట్టవలసిన పని లేదు. ఒక్క రోజు మానినా లెక్క మళ్ళీ మొదటి నుంచి. ఇరవై రెండవ రోజున తీగ మొదలును రెండు వ్రేళ్ళతో పట్టుకుని మెల్లగా పైకి లాగి చూడండి. కదలకుండా బిగువుగా ఉంటే ఆరవ పాఠానికి మూడడుగుల కర్ర, కొబ్బరి పీచు సిద్ధం చేసుకోండి.