వానలకు ముందు పాత కారు కిందికి దూరేవాళ్లకు కొన్ని జాగ్రత్తలు

మొన్న ఆదివారం మా పక్క కాలనీలో ఒక కుర్రాడి మీదికి పాత ప్రీమియర్ పద్మిని కారు దిగిపోయింది. ఇంటి ముందు జాక్ మీద లేపి సైలెన్సర్ నట్టు విప్పుతున్నాడు. గట్టిగా లాగేసరికి కారు పక్కకు ఒరిగింది. ప్రాణం దక్కింది, భుజం ఎముక విరిగింది. మృగశిర కార్తె దగ్గర పడుతోంది. ఈలోగా అడుగుభాగానికి తుప్పు పట్టకుండా కోటింగ్ వేసేయాలని, హైదరాబాద్‌లో పాత ఫియట్లు, అంబాసిడర్లు ఇంట్లోనే బాగుచేసుకునేవాళ్లు చాలామంది ఇదే తొందరలో ఉంటారు.

గ్లౌజులు, కళ్లద్దాల సంగతి అందరికీ తెలిసిందే. నేను చూసినంతలో మనుషుల్ని దెబ్బతీసింది ఒకే తప్పు: కారును జాక్ మీదే ఉంచి కిందికి దూరడం. జాక్ ఉన్నది ఎత్తడానికే. ఎత్తిన కారును మోయాల్సింది స్టాండ్లు, అంటే కారు కింద ఆనించే ఇనుప కాళ్లు. హైడ్రాలిక్ జాక్‌లో బరువంతా ఆయిల్ మీద ఉంటుంది, ఆ ఆయిల్‌ని ఆపేది చిన్న రబ్బరు సీల్. అది పోయేముందు చెప్పి పోదు. పద్మిని ఖాళీ బరువే దాదాపు 900 కిలోలు, అంబాసిడర్ వెయ్యి దాటుతుంది.

ఆ కుర్రాడి ఇంట్లో స్టాండ్లు లేక కాదు. గోడకు ఆనించి ఉన్నాయి. వారమంతా కార్బ్యురేటర్ (ఇంజిన్‌కు పెట్రోల్, గాలి కలిపి ఇచ్చే భాగం) ట్యూనింగ్ కుదరక, సరిచేసిన సైలెన్సర్ మళ్లీ కొట్టుకుంటుంటే విసుగొచ్చి, రెండు నిమిషాల పనే కదా అని దూరాడు. పని ముందుకు సాగుతున్నప్పుడు అందరం జాగ్రత్తగానే ఉంటాం. చేసిందే మళ్లీ చేయాల్సి వచ్చినప్పుడే స్టాండ్లు పెట్టడానికి బద్ధకిస్తాం.

ముందు నేల చూసుకోండి. మన ఇళ్ల ముందు ఉండేవి షాబాద్ బండలో, పార్కింగ్ టైల్సో. సుత్తితో మెల్లగా తట్టండి. డొల్లగా మోగితే కింద మట్టి కుంగినట్టే, అక్కడ జాక్ పెడితే బండ పగులుతుంది. గేటు వైపు వాలు ఉన్నచోట కారు లేపవద్దు.

తర్వాత కారు. ఈ బళ్లలో హ్యాండ్‌బ్రేక్ పట్టేది వెనక చక్రాలనే. వెనక భాగం లేపారంటే హ్యాండ్‌బ్రేక్ వేసినా, గేరులో పెట్టినా ముందు చక్రాలను ఆపేది ఏదీ ఉండదు. వాటికి రెండువైపులా చెక్క దిమ్మలు బిగించాకే లేపండి. జాక్ ఆనించే చోట స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి. పైన నల్లటి కోటింగ్ నున్నగానే కనిపిస్తుంది, లోపల రేకు పెచ్చులుగా రాలుతుంది.

ఇక మిగతావి:

- సిమెంటు ఇటుకలు, హాలో బ్లాకులు స్టాండ్లుగా వాడవద్దు. పగుళ్లు కనిపించకుండానే ఒక్కసారిగా పొడి అవుతాయి.
- బిగుసుకున్న నట్లు చక్రాలు నేల మీద ఉండగానే వదులు చేసుకోండి.
- స్టాండ్ల మీద దించాక పక్కనుంచి గట్టిగా ఊపండి. కదిలిందా, దించి మళ్లీ పెట్టండి.
- స్టాండ్లు పెట్టకుండా చెయ్యి కూడా లోపలికి పెట్టవద్దు. పడిపోయిన స్పానర్ కోసమైనా సరే.
- ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. పాత రబ్బరు పైపులు దానికి మెత్తబడి కారుతాయి. ముందే మార్చండి.
- కార్బ్యురేటర్‌లో సీసాతో పెట్రోల్ పోస్తూ సెల్ఫ్ కొట్టించవద్దు.
- ఖాళీ ట్యాంకుకు వెల్డింగ్ పెట్టవద్దు. పెట్రోల్ పోయినా ఆవిరి ఉంటుంది, పేలేది అదే.
- వాన వస్తోందని షెడ్డు షట్టర్ దించి ఇంజిన్ నడపవద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.
- పాత బ్రేకు డ్రమ్ముల దుమ్ము ఊదవద్దు. అందులో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. తడిగుడ్డతో తుడవండి.
- ఒంటరిగా కిందికి దూరవద్దు. ఇంట్లో ఒకరికి చెప్పండి, జాక్ ఎలా లేపాలో వాళ్లకు చూపించండి. కారు పడితే మనిషిని లాగకూడదు, కారును లేపాలి, 108కి ఫోన్ చేయాలి.
- మళ్లీ చెబుతున్నాను, జాక్ మీద మాత్రమే ఉన్న కారు కిందికి దూరవద్దు. ఒక్క నిమిషానికి కూడా.

స్టాండ్ల జత రాణిగంజ్‌లో దొరుకుతుంది. ఈ నెల కొనలేకపోతే అడుగుభాగం పని వానలు తగ్గాక పెట్టుకోండి. ఈలోగా కార్బ్యురేటర్ విప్పి, బల్ల మీద పెట్టుకుని జెట్లు, అంటే పెట్రోల్ వెళ్లే సన్న రంధ్రాలు, శుభ్రం చేసుకోవచ్చు, స్పార్క్‌కు సంబంధించిన డిస్ట్రిబ్యూటర్ పాయింట్లు సరిచూసుకోవచ్చు.