అరేంజర్ కీబోర్డ్ కొంటున్నారా? షాపులో డెమో బటన్ నొక్కనివ్వకండి

మా అక్క కొడుకు ఇంటర్ సెకండియర్. పోయినసారి గణేశ్ మండపంలో ఒకతను ఒక్కడే కూర్చుని డప్పు, బేస్, స్ట్రింగ్స్ అన్నీ ఒకే కీబోర్డ్ మీద నడిపిస్తుంటే చూశాడు, అప్పటినుంచి "మామా, నాకూ అదే కావాలి, బ్యాండ్‌తో పనే లేదు కదా" అని వెంటపడ్డాడు. ఈ వయసు పిల్లలు అరేంజర్ అంటే పడి చచ్చేది సరిగ్గా ఇందుకే. డ్రమ్మర్ దొరకడు, దొరికినా అతను కూకట్‌పల్లిలో ఉంటే మనం ఎల్బీనగర్‌లో ఉంటాం, పోనీ అందరూ కలిసినా అపార్ట్‌మెంట్‌లో డ్రమ్స్ కొడితే పక్క ఫ్లాట్ ఆంటీ వచ్చి బెల్ కొడుతుంది. అరేంజర్ అయితే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రాత్రి రెండింటికి కూడా ఫుల్ ఆర్కెస్ట్రా.

అరేంజర్ అంటే ఏంటో తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. ఎడమ చేత్తో ఒక కార్డ్ (chord, అంటే కలిపి నొక్కే మూడు నాలుగు స్వరాలు) పట్టుకుంటే డ్రమ్స్, బేస్, గిటార్ అన్నీ ఆ కార్డ్‌కి తగ్గట్టు వాయిస్తూ మన వెంట వస్తాయి. కార్డ్ మారిస్తే అవీ మారతాయి. ఇంట్రో, ఫిల్ (పాటలో ఒక భాగం నుంచి ఇంకోదానికి వెళ్లేటప్పుడు డ్రమ్స్ వేసే చిన్న విరుపు), ఎండింగ్‌లకు వేరే బటన్లుంటాయి. దీన్నే స్టైల్ అంటారు. మనవాళ్లు చాలామంది స్టేజీ మీద రోలాండ్ ఎక్స్‌పీఎస్-10 చూసి అదే అడుగుతారు. బ్రహ్మాండమైన కీబోర్డే, కానీ అది సింథసైజర్. కార్డ్ వెంట నడిచే స్టైల్స్ అందులో ఉండవు, స్పీకర్లు కూడా ఉండవు. ఇంటికి తెచ్చి ఆన్ చేసి "సౌండ్ రావట్లేదేంటి" అని ఫోన్ చేసిన వాళ్లు నాకు తెలుసు.

"రెడీమేడ్ రిథమ్ మీద వాయించడం కూడా సంగీతమేనా" అనే పెద్దవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. 1981లో క్యాసియో ఎంటీ-40 అని చిన్న కీబోర్డ్ వచ్చింది, అందులో ఒక రిథమ్ తయారు చేసింది అప్పుడే ఉద్యోగంలో చేరిన హిరోకో ఒకుడా అనే అమ్మాయి. 1985లో జమైకాలో ఆ ఒక్క రిథమ్ మీద కట్టిన పాట వాళ్ల రెగె సంగీతాన్నే ఎలక్ట్రానిక్ దారి పట్టించింది. పెద్దాయనకు ఈ కథ చెప్పి షాపుకి బయల్దేరండి.

షాపులో అమ్మే అబ్బాయి చేసే మొదటి పని డెమో బటన్ నొక్కడం. నొక్కనివ్వకండి. డెమో ఏ కీబోర్డ్‌లో అయినా బాగానే ఉంటుంది, దానికోసమే చేస్తారు. మీకు చేయి తిరిగిన పాటలు మూడు అనుకుని వెళ్లండి: ఒకటి డప్పు ఊపున్న సిక్స్-ఎయిట్ (ఆరు దెబ్బల లయ) పాట, ఒకటి మెల్లగా సాగే మెలొడీ, ఒకటి భజనో కీర్తనో. ఏ కీబోర్డ్ చూపించినా ఆ మూడే వాయించండి.

ముందు స్టైల్ ఆపేసి ఒట్టి పియానో. ఒకే కీని మెల్లగా, తర్వాత గట్టిగా నొక్కితే తేడా వినపడాలి. ఇప్పుడు స్టైల్ ఆన్ చేసి, సస్టైన్ పెడల్ (కీ వదిలినా స్వరాన్ని మోగిస్తూ ఉంచేది) తొక్కి, కుడిచేత్తో పెద్ద పెద్ద కార్డ్స్ వేయండి. పాలిఫనీ అంటే ఒకేసారి ఎన్ని స్వరాలు మోగగలవన్న లెక్క. 48 అని రాసి ఉంటే మనకున్నది పది వేళ్లే కదా అనిపిస్తుంది గానీ, డ్రమ్స్, బేస్, స్ట్రింగ్స్ అన్నీ ఆ 48లోంచే తింటాయి, కొన్ని టోన్లు (పియానో, ఫ్లూట్ లాంటి వాయిద్యాల సౌండ్లు) ఒక్క కీకే రెండేసి వాడుకుంటాయి. పట్టుకున్న స్వరాలు మధ్యలో పుటుక్కున తెగిపోతుంటే సంగతి అర్థమైనట్టే.

తర్వాత ఎడమచేయి. సీ మేజర్, ఏ మైనర్, ఎఫ్, జీ వరసగా, మీ పాట వేగంలోనే మార్చుకుంటూ పోండి. ఇక్కడ ఎవరూ చూడనిది ఒకటుంది: ఫిల్ బటన్ ఎక్కడుందో. చరణం నుంచి పల్లవికి వచ్చేటప్పుడు, కార్డ్ పట్టుకున్న చేతిని అర సెకను లేపి బటన్ కొట్టి మళ్లీ కార్డ్ మీదికి రావాలి. మావాడు మొదట చూసిన కీబోర్డ్‌లో ఆ బటన్ల వరస చాలా కుడివైపు ఉంది, చేయి వెళ్లి వచ్చేలోపు ఒక బార్ (తాళంలో ఒక ఆవర్తం) దాటిపోతోంది. నాలుగుసార్లు ప్రయత్నించి వాడే "వద్దు మామా" అన్నాడు.

మన సంగీతానికైతే పిచ్ బెండ్ వీల్, అంటే మోగుతున్న స్వరాన్ని పైకీ కిందికీ జార్చే చక్రం, లేనిది కొనకండి, ఇందులో నేను మొండివాణ్ణే. గమకాలు పూర్తిగా పలుకుతాయని కాదు, కనీసం జారు వేయడానికైనా అది కావాలి. యమహాలో పీఎస్ఆర్-ఈ373కి వీల్ లేదు, ఈ473కి ఉంది, కొత్తవాళ్లు ఈ తేడా చూడకుండా తక్కువ ధరకు పడిపోతారు.

భజన వాయించేటప్పుడు ఇంకో చిక్కు. మోహనంలో అంతర గాంధారం ఉంది కాబట్టి మేజర్ కార్డ్ పట్టుకున్నా ఇబ్బంది ఉండదు. మధ్యమావతిలో అసలు గాంధారమే లేదు, అక్కడ మేజర్ పట్టినా మైనర్ పట్టినా స్టైల్ ఒక గాంధారాన్ని తెచ్చి నెత్తిన రుద్దుతుంది. స, ప రెండే నొక్కి చూడండి. చాలా యమహాలు దాన్ని కూడా ఒక కార్డ్‌గా గుర్తుపట్టి గాంధారం జోలికి పోకుండా నడిపిస్తాయి. కొనబోయేదాంట్లో ఇది పనిచేస్తోందో లేదో అక్కడే తేల్చుకోండి.

ఇండియా కోసం చేసిన మోడళ్లు, అంటే యమహా పీఎస్ఆర్-ఐ500, క్యాసియో సీటీ-ఎక్స్9000ఐఎన్ లాంటివాటిలో తబలా, తాన్‌పురా సౌండ్లు, కహర్వా, దాద్రా లాంటి హిందుస్తానీ తాళాలు అన్నీ వస్తాయి. మన తీన్మార్ కొట్టుడు కావాలంటే మాత్రం ఎక్కువగా ఎవరో చేసిన స్టైల్ పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఎక్కించుకోవడమే. ఆ స్టైల్ ఏ మోడల్ కోసం చేశారో అడగకుండా డబ్బులివ్వకండి. యమహాది కోర్గ్ అనే ఇంకో కంపెనీ కీబోర్డ్‌లో నేరుగా ఆడదు. యమహాలోనే పెద్ద మోడల్‌కి చేసింది చిన్నదాంట్లో వేస్తే, ఆ డప్పు శాంపిల్స్ (రికార్డ్ చేసిన అసలు సౌండ్లు) ఇందులో ఉండవు కాబట్టి డప్పు మోగాల్సిన చోట డ్రమ్ సెట్‌లోని హై-హ్యాట్ తాళాలు చిక్‌చిక్‌మంటాయి. పీఎస్ఆర్-ఎస్ఎక్స్900 లాంటి వాటిలో బయటి శాంపిల్స్ ఎక్కించుకోవడానికి 1 జీబీ మెమరీ ఇచ్చింది ఇందుకే, ఎస్ఎక్స్700లో అది 400 ఎంబీ. స్టేజీ ప్రోగ్రాములు పట్టేవాళ్లకు అవి సరిపోతాయి, నేర్చుకునే పిల్లాడికి అంత డబ్బు పోయక్కర్లేదు.

చర్చిలో వాయించే పిల్లలు రిజిస్ట్రేషన్ మెమరీ చూసుకోవాలి. స్టైల్, టోన్, టెంపో మొత్తం ఒక నంబర్ కింద దాచుకుంటే తర్వాతి పాటకు ఒక్క బటన్ చాలు. పాడేవాళ్లు శృతి మార్చినప్పుడు ట్రాన్స్‌పోజ్ ఎలాగూ ఉంది. రీల్స్ చేసేవాళ్లు యూఎస్‌బీలో ఆడియో కూడా వెళ్తుందా, మిడి (సౌండ్ కాకుండా ఏ కీ ఎప్పుడు నొక్కామన్న సమాచారం) ఒక్కటేనా అని అడగండి. ఈ473లో ఆడియో వెళ్తుంది.

సెకండ్ హ్యాండ్ కొంటే నాలా చేయకండి. ఒకాయన ఇంట్లో పది నిమిషాలు సీ స్కేల్‌లో హాయిగా వాయించి డబ్బులిచ్చి తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి శృతి మార్చి వాయిస్తే ఒక నల్ల కీ ఎంత మెల్లగా నొక్కినా ఫుల్ సౌండ్‌తో అరుస్తోంది. ప్రతి కీ కింద రెండు రబ్బరు కాంటాక్టులుంటాయి, మొదటిది తగిలాక రెండోది ఎంత త్వరగా తగిలిందన్నదాన్ని బట్టి ఎంత గట్టిగా కొట్టామో లెక్కేస్తుంది, వాటిలో దుమ్ము చేరితే ఆ లెక్క తప్పుతుంది. అందుకే 61 కీలూ, నల్లవి తెల్లవి, ఒక్కోటి మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి. అమ్మేవాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

ఒరిజినల్ అడాప్టర్ పోయిందంటే కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది గానీ, వెళ్లేముందు కీబోర్డ్ వెనక వోల్టేజ్, ప్లస్ మైనస్ గుర్తు ఫోటో తీసుకెళ్లండి. పిన్ దూరింది కదా అని గుచ్చేస్తే, గుర్తు తిరగబడి ఉన్నప్పుడు బోర్డు కాలిపోవచ్చు. బ్యాగ్ కూడా అదే రోజు కొనేయండి. మావాడి కీబోర్డ్ మీటరు పొడవుంది, బైక్ వెనక వాణ్ణి కూర్చోబెట్టి దుప్పట్లో చుట్టి తెచ్చేసరికి దారిలో రెండు సైడ్ మిర్రర్లకు తగిలించాం.