నాలుగు ఫైళ్ళు ఒకేసారి చదివితే డిస్క్ పడకేస్తోందా? ముందు రిక్వెస్ట్ సైజ్ చూడండి

సమస్య ఇది. లినక్స్ సర్వర్, 7200 ఆర్‌పీఎం హార్డ్ డిస్క్, ఒక్క ఫైల్ చదివితే సెకనుకి 150 ఎంబీ దాకా వస్తుంది, అదే నాలుగైదు పెద్ద ఫైళ్ళు ఒకేసారి చదివితే అన్నీ కలిపినా ఇరవై ముప్పై దాటదు. చాలామంది డిస్క్ పోయిందనుకుని కొత్తది ఆర్డర్ పెట్టేస్తారు. ఆగండి. డిస్క్ పనిని కొలిచే ఐఓస్టాట్ కమాండ్‌ని ఎక్స్ ఆప్షన్‌తో రన్ చేసి సగటు రీడ్ సైజ్, అంటే ఒక్కో రిక్వెస్ట్‌కి డిస్క్ నుంచి ఎంత చదువుతున్నారో చూడండి, కొత్త వెర్షన్లలో అది కేబీల్లో వస్తుంది, పాత వాటిలో రీడ్, రైట్ కలిపిన సగటు 512 బైట్ల సెక్టార్లలో వస్తుంది. యుటిల్ (డిస్క్ ఎంతసేపు బిజీగా ఉందో చెప్పే నంబర్) 100 శాతం ఉందని స్క్రీన్‌షాట్ తీసి పంపుతారు, దాని పక్కనే ఉన్న ఈ నంబర్ మాత్రం ఎవరూ చూడరు, అసలు సంగతంతా అక్కడే ఉంటుంది.

కారణం. ఆ నంబర్ 128 కేబీ దగ్గర ఆగిపోతే అది లినక్స్ కెర్నల్ రీడ్ అహెడ్ డిఫాల్ట్ 128 కేబీ. రీడ్ అహెడ్ అంటే ప్రోగ్రామ్ అడగకముందే ఫైల్‌లో తర్వాతి భాగాన్ని ముందుగా చదివి పెట్టడం. హెడ్ ఒక ఫైల్ నుంచి ఇంకో ఫైల్ దగ్గరికి వెళ్ళాలంటే సీక్ (హెడ్ జరగడానికి పట్టే టైమ్) 8 మిల్లీసెకన్లు, డిస్క్ సగం తిరుగుడు 4 పైచిలుకు, మొత్తం 12 అనుకోండి. అంత కష్టపడి వెళ్ళి తెచ్చేది 128 కేబీ, అది చదవడానికి పట్టేది ఒక్క మిల్లీసెకను. లెక్క ప్రకారం సెకనుకి 10 ఎంబీ, రిక్వెస్ట్‌ల వరస సర్దే షెడ్యూలర్, డిస్క్ లోపలి క్యాష్ ఆదుకోబట్టి ఇంకాస్త వస్తుంది అంతే. అదే వెళ్ళిన ప్రతిసారీ 1 ఎంబీ తెస్తే 50, 4 ఎంబీ తెస్తే 100 చుట్టూ.

పరిష్కారం: రీడ్ అహెడ్‌ని 4096 కేబీ చెయ్యండి. బ్లాక్‌డెవ్ కమాండ్‌తో పెట్టేవాళ్ళు అది 512 బైట్ల సెక్టార్లలో అడుగుతుందని గుర్తుపెట్టుకోండి, అక్కడ 4096 ఇస్తే వచ్చేది 2 ఎంబీయే.

ఇక్కడే అసలు దెబ్బ తగులుతుంది. పెట్టాం, చూశాం, ఏమీ మారలేదు అంటారు. ఎక్కడ పెట్టారు అంటే ఎస్‌డీఏ మీద, అంటే అసలు డిస్క్ మీద. కానీ ఫైల్‌సిస్టమ్ కూర్చుంది దాని పైన ఉన్న ఇంకో పొర మీద: ఎల్‌వీఎం (డిస్క్‌లని భాగాలుగా పంచే పొర) మీదో, ఎండీ రెయిడ్ (డిస్క్‌లని కలిపే పొర) మీదో, ఎన్‌క్రిప్షన్ లేయర్ మీదో. కెర్నల్ ఎంత ముందుకి చదవాలనేది ఫైల్‌సిస్టమ్ మౌంట్ అయిన పైన డివైస్‌ని చూసి నిర్ణయిస్తుంది, కింద ఎస్‌డీఏలో ఎంత రాసినా దానికి అనవసరం. నంబర్ చదివి చూస్తే 4096 అనే కనిపిస్తుంది, తప్పు ఎక్కడుందో తెలీక నాతో సహా ఎంతమంది గంటలు గంటలు కేబుళ్ళు, కంట్రోలర్లు మార్చుకుంటూ కూర్చున్నారో. ఫైండ్‌మౌంట్‌తో ఆ ఫోల్డర్ ఏ డివైస్ మీదుందో కనుక్కోండి, మ్యాపర్ కింద పేరు ఏదైనా వస్తే ఆ డివైస్ (డీఎం-0 లాంటిది) మీదే పెట్టండి.

అయినా మారలేదా? ప్రోగ్రామ్ రీస్టార్ట్ చెయ్యండి. రీడ్ అహెడ్ విలువ ఫైల్ ఓపెన్ చేసేటప్పుడు ఆ ఫైల్‌కి కాపీ అయిపోతుంది, అప్పటికే తెరిచి ఉన్న ఫైళ్ళు పాత 128 తోనే నడుస్తుంటాయి. కొలిచే ముందు పేజ్ క్యాష్ (చదివిన డేటాని కెర్నల్ ర్యామ్‌లో దాచే చోటు) కూడా ఖాళీ చెయ్యండి, లేకపోతే మీరు కొలిచేది ర్యామ్‌ని. రీబూట్ తర్వాత కూడా ఉండాలంటే యూడెవ్ (డివైస్ కనబడగానే సెట్టింగ్ పెట్టే ప్రోగ్రామ్) రూల్ రాసుకోవాలి, ఎల్‌వీఎం అయితే ఎల్‌వీఛేంజ్ కమాండ్‌తో పెడితే మెటాడేటాలోనే ఉండిపోతుంది.

మిగతావి అరుదు. ఓ డైరెక్ట్‌తో (పేజ్ క్యాష్‌ని దాటేసి) చదివే ప్రోగ్రామ్‌కి రీడ్ అహెడ్ వర్తించదు, దాని బఫర్ సైజే పెంచాలి. పాత యూఎస్‌బీ 2 డబ్బాల్లో ఒక్కో రిక్వెస్ట్ 120 కేబీ దాటదు, అది మ్యాక్స్ సెక్టార్స్ లిమిట్, అంటే ఒక్క రిక్వెస్ట్‌లో ఎన్ని సెక్టార్ల దాకా అనే హద్దు. ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీద వచ్చే ఫోల్డర్) అయితే కెర్నల్ 5.4 నుంచి డిఫాల్ట్ 128 కేబీకి తగ్గింది, అక్కడ మౌంట్‌కి విడిగా పెట్టుకోవాలి.

ఎమ్‌మ్యాప్‌తో (ఫైల్‌ని మెమరీలా వాడుకుంటూ) అక్కడోటి ఇక్కడోటి చదివే డేటాబేస్ ఉన్న డిస్క్ మీద మాత్రం దయచేసి 4096 పెట్టకండి, చిన్న పేజ్ ఒక్కటి అడిగినా చుట్టూ ఉన్నదంతా లాక్కొస్తుంది, దానికి 128 కంటే తగ్గించి చూడండి.