జర్మనీలో అద్దింట్లో దిగేముందు

కడప, అనంతపురం, కర్నూలు నుంచి జర్మనీకి పోయేవాళ్లు ముందే చూసుకోవాల్సినవి:

– ఇల్లు చూడకుండా, తెలిసినవాళ్లతోనైనా చూపించకుండా డబ్బు పంపొద్దు. తాళాలు పోస్టులో పంపుతామన్నారంటే మోసమనే అనుకోండి.

– డిపాజిట్ 3 నెలల అద్దానికి మించకూడదు. హీటింగ్, నీళ్ల ఖర్చు కలపని 'కాల్ట్‌మీటె' మీదే ఆ లెక్క. 3 నెలవారీ వాయిదాల్లో కట్టొచ్చు.

– చేరిన 2 వారాల్లో చిరునామా నమోదు చేయించాలి. దానికి ఓనరు సంతకం పెట్టిన ధ్రువీకరణ కావాలి; తాళాలు తీసుకునేటప్పుడే అడగండి, తర్వాత తిప్పుకుంటారు.

– పోస్టు డబ్బా మీద పేరు అంటించండి. అక్కడ ఫ్లాట్ నంబరు కంటే పేరే ముఖ్యం. లేదంటే బ్యాంకు కార్డు, ట్యాక్స్ నంబరు ఉత్తరం వెనక్కి పోతాయి.

– గోడ గీతలు, మీటరు రీడింగులు ఫోటో తీసి అప్పగింత కాగితంలో రాయించండి.

– వంటగదే పెద్ద తలనొప్పి. చాలా ఇళ్లలో స్టవ్, సింకు కూడా ఉండవు. ఇండక్షన్ అయితే సంగటి చేసే అల్యూమినియం గిన్నె వేడెక్కదు. అడుగుకు అయస్కాంతం అంటుకుంటేనే పట్టుకుపోండి. కరెంటు మనలాగే 230 వోల్టులు, మిక్సీ తిరుగుతుంది, ప్లగ్గే పట్టదు. అడాప్టరు ఎన్ని వాట్లకో చూసి కొనండి. నెయ్యి పెట్టుకోవద్దు, కస్టమ్స్‌లో పాల పదార్థాలకు అనుమతి లేదు.

– చలికాలంలో రోజూ రెండు మూడుసార్లు 5 నిమిషాలైనా కిటికీలు బార్లా తెరవండి. మూసిపెట్టి లోపలే బట్టలారేస్తే గోడకు బూజు పడుతుంది, ఆ ఖర్చు డిపాజిట్‌లో కోస్తారు.