స్పెయిన్ మధ్యయుగ యుద్ధాలను పెన్సిల్ పట్టుకుని చదవడం ఎలా

ఇరవై రెండేళ్లుగా డిగ్రీ విద్యార్థులకు యూరప్ చరిత్ర చెబుతున్నాను. స్పెయిన్‌లో ముస్లిం, క్రైస్తవ రాజ్యాల మధ్య సాగిన పోరును బట్టీ పట్టినంత వేగంగా మరిచిపోతారు పిల్లలు. 711లో మొదలైంది, 1492లో ముగిసింది అంటారు. మధ్యలో ఏం జరిగిందంటే నోరు పెగలదు. తప్పు వాళ్లది కాదు. ఏడెనిమిది వందల ఏళ్లను తేదీల పట్టికగా చేతిలో పెడితే ఎవరికైనా అంతే. అందుకే నేను పటంతో మొదలుపెడతాను. మీరు సొంతంగా చదువుకుంటున్నా, పిల్లలకు చెబుతున్నా ఇలా చేసి చూడండి.

పాత క్యాలెండర్ కాగితాన్ని వెనక్కి తిప్పండి. స్పెయిన్, పోర్చుగల్ ఉన్న ఐబీరియా ద్వీపకల్పం పరిచిన ఎద్దు తోలులా ఉంటుందని ప్రాచీన గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో రాశాడు. ఆ పోలిక మనసులో ఉంచుకుంటే బొమ్మ సులువుగా వస్తుంది. మెడ భాగం ఫ్రాన్స్ వైపు, అక్కడ పైరినీస్ కొండలు. ఊర్లు ఇప్పుడే వద్దు, ముందు నదులు గీయండి. పైనుంచి కిందికి దువేరో, తాహో, గ్వాదియానా, గ్వాదల్కివీర్. నాలుగూ పడమటి సముద్రంలో కలుస్తాయి. పెద్ద నదుల్లో ఎబ్రో ఒక్కటే తూర్పుకు, మధ్యధరా సముద్రానికి వెళుతుంది.

ఇక సరిహద్దు. ముస్లిం సేనాని తారిఖ్ ఇబ్న్ జియాద్ సేన ఆఫ్రికా నుంచి జిబ్రాల్టర్ జలసంధి దాటి, అప్పటికి అక్కడ ఏలుతున్న క్రైస్తవ విసిగోత్‌ల రాజు రోడెరిక్‌ను ఓడించింది 711లో. కొన్నేళ్లలోనే ఉత్తరాన కొండల అంచు తప్ప దాదాపు అంతా ముస్లిం పాలనలోకి వచ్చింది. 900 ప్రాంతానికి క్రైస్తవ రాజ్యాల హద్దు దువేరో దగ్గర ఉంది. 1085లో కాస్తీల్ అనే క్రైస్తవ రాజ్యపు రాజు ఆరో అల్ఫోన్సో తొలేదోను తీసుకోవడంతో తాహో చేరింది. 1236లో కోర్దోబా, 1248లో సెవిల్లే పడిపోయాయి, గ్వాదల్కివీర్ చేతులు మారింది. పెన్నుతో గీయవద్దు, పెన్సిలే వాడండి. ఎందుకంటే ఈ గీత వెనక్కి కూడా నడిచింది. 1086లో సాగ్రాహాస్ దగ్గర, 1195లో అలార్కోస్ దగ్గర కాస్తీల్ సేనలు చిత్తుగా ఓడాయి. చెరిపి మళ్లీ గీసిన చోట కాగితం నలుగుతుంది. ఆ నలిగిన చోటే ఎక్కువ సేపు ఆగి చదవాలి.

గీత పూర్తయ్యాక ఊర్ల పేర్లు రాయండి. హెరెస్ దె లా ఫ్రొంతేరా, ఆర్కోస్ దె లా ఫ్రొంతేరా. 'ఫ్రొంతేరా' అంటే సరిహద్దు. ఒకనాటి హద్దు ఎక్కడుందో ఊరి పేరే చెబుతోంది. అల్కలా అన్న పేరు తగిలితే ఆగండి. అది అరబ్బీ 'అల్ ఖల్‌అ', కోట. మనం గోల్కొండ ఖిల్లా అంటున్నప్పుడు పలికే ఖిల్లా ఆ మాటే. గ్వాదల్కివీర్ అంటే 'వాదీ అల్ కబీర్', పెద్ద నది. ఈ సంగతి చెప్పగానే తరగతిలో కళ్లు మెరుస్తాయి. ఆ మెరుపు కోసమే నేను ఈ పాఠానికి ఎదురుచూస్తాను.

ఇప్పుడు అసలు పని. ప్రతి యుద్ధాన్నీ మూడు ప్రశ్నలు అడగండి. ఎవరి పక్కన ఎవరు నిలబడ్డారు? డబ్బు ఎవరు కట్టారు? మరుసటి ఏడాది ఏమైంది?

మొదటి ప్రశ్నకు కాస్తీల్ యోధుడు ఎల్ సిద్ చాలు. అసలు పేరు రోద్రిగో దియాస్. రాజు వెళ్లగొడితే సరగోసా ముస్లిం రాజు కొలువులో చేరి ఏళ్ల తరబడి ఆయన తరఫున పోరాడాడు. తర్వాత 1094లో వలెన్సియాను తన కోసమే గెలుచుకున్నాడు. 'సిద్' కూడా అరబ్బీ 'సయ్యిద్' నుంచి వచ్చిందే. ఇంకో ఉదాహరణ, 778లో పైరినీస్ కనుమలో ఫ్రాంకుల రాజు షార్లమేన్ వెనుక దళాన్ని ఊచకోత కోసింది బాస్క్ కొండజనం. వాళ్లు ముస్లింలని మూడు వందల ఏళ్ల తర్వాత వీరగాథలు పాడాయి. నేనూ మొదట్లో ఆ గాథనే పాఠంగా చెప్పాను. తెలిసిన రోజు తరగతిలో అందరి ముందు సరిదిద్దుకున్నాను.

రెండో ప్రశ్నను చాలా పుస్తకాలు రెండు వాక్యాల్లో దాటేస్తాయి. నాకు అది బాధ, ఎందుకంటే కథంతా అక్కడే ఉంది. 1031లో కోర్దోబా ఖలీఫా పాలన ముగిసి దేశం చిన్న చిన్న రాజ్యాలుగా చీలింది. ఆ రాజులు ఉత్తరాది క్రైస్తవ రాజులకు బంగారం కప్పంగా కట్టారు. ఆ కప్పాన్ని 'పారియాస్' అనేవారు. గ్రనాదా రాజు అబ్దుల్లా పదవి పోయి మొరాకోలో ప్రవాసంలో ఉండగా తన జ్ఞాపకాలు రాసుకున్నాడు. కాస్తీల్ దూత తనతో దాపరికం లేకుండా మాట్లాడాడట: మీ దగ్గర డబ్బూ సైన్యమూ అయిపోయే దాకా పిండుతాం, ఆ తర్వాత నేల దానంతట అదే మా చేతికొస్తుంది. తొలేదో పడ్డాక భయపడిన ముస్లిం రాజులు ఆఫ్రికా నుంచి అల్మొరావిద్‌లు అనే ముస్లిం పాలకులను పిలిచారు. వాళ్లు సాగ్రాహాస్‌లో గెలిపించారు, కొన్నేళ్లకే పిలిచినవాళ్ల గద్దెలనూ లాక్కున్నారు. అబ్దుల్లా గద్దె పోయింది అలాగే.

మూడో ప్రశ్నకు 1212 జూలై 16 తీసుకోండి, లాస్ నావాస్ దె తోలోసా. కాస్తీల్, ఆరగాన్, నవార్ క్రైస్తవ రాజులు ముగ్గురూ కలిసి, అల్మొరావిద్‌ల తర్వాత వచ్చిన అల్మొహాద్ వంశపు ఖలీఫాను ఓడించారు. కనుమ దారి మూసుకుపోయి ఉంటే ఒక పల్లెటూరి మనిషి వేరే బాట చూపించాడు. అదే ఆరగాన్ రాజు రెండో పేద్రో మరుసటి ఏడాది ఫ్రాన్స్‌లోని మ్యూరే దగ్గర చనిపోయాడు. ఆయన్ని చంపింది పోప్ ప్రకటించిన మతయుద్ధానికి వచ్చిన క్రైస్తవ సేన. ఒక్క ఏడాది ముందుకు చూడకపోతే ఇది మీకు కనిపించదు.

తేదీల దగ్గర ఒక జాగ్రత్త. స్పెయిన్ పాత పత్రాల్లో మన లెక్క కంటే 38 ఏళ్లు ముందున్న శకం ఉంటుంది. 1212ను వాళ్లు 1250 అని రాశారు. హిజ్రీ లెక్కకు మాత్రం ఒకే తీసివేత పనికిరాదు, చాంద్రమాన సంవత్సరం పొట్టిది కాబట్టి. 711 హిజ్రీ 92, 1212 హిజ్రీ 609, 1492 జనవరి హిజ్రీ 897. తేడా 619 నుంచి 603కు, అక్కణ్ణుంచి 595కు తగ్గింది. ఈ మూడూ పటం అంచున రాసుకోండి.

1492 జనవరి 2న చివరి ముస్లిం రాజ్యం గ్రనాదా లొంగిపోయింది. అక్కడ పెన్సిల్ కింద పెట్టవద్దు. ముస్లింల మతానికీ మసీదులకూ ఒప్పందంలో హామీ ఇచ్చారు. ఆ మార్చి 31నే యూదులను వెళ్లిపొమ్మనే శాసనం వచ్చింది. 1502లో కాస్తీల్ ముస్లింలు మతం మారాలి లేదా దేశం విడవాలి అన్నారు. మారినవాళ్ల వారసులను కూడా 1609 నుంచి ఓడలెక్కించారు. తూర్పు తీరంలో దేనియా రేవు గుర్తించి, అక్కణ్ణుంచి ఆఫ్రికాలోని ఓరాన్ వరకు ఒక బాణం గీయండి. దీన్ని మాత్రం పెన్నుతో గీయండి.