సైన్సు ఉపాధ్యాయులు కావడానికి బీఎడ్ ఎలా చదవాలి?

ఉన్నత పాఠశాలలో భౌతిక రసాయన శాస్త్రాలో, జీవశాస్త్రమో బోధించే స్కూల్ అసిస్టెంట్ కావాలంటే ముందు సైన్సు డిగ్రీ, తరువాత రెండేళ్ల బీఎడ్, ఆపైన టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష), డీఎస్సీ (ఉపాధ్యాయ నియామక పరీక్ష) ఉండాలని మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అందరికీ తెలుసు. అయితే ప్రవేశ పరీక్షకు నెలల తరబడి కష్టపడినవారే, పాఠశాలలో పాఠాలు చెబుతూ అసలు బోధన నేర్చుకోవలసిన ఇంటర్న్‌షిప్‌ను తూతూమంత్రంగా ముగించి రికార్డు సమర్పించి వెళ్లిపోతున్నారు. ఏటా బీఎడ్ విద్యార్థుల పాఠాలను తరగతి వెనక బెంచీలో కూర్చుని చూసే నాకు ఇది చాలా బాధ కలిగిస్తుంది. అందుకే తేలిక దశలను క్లుప్తంగా ముగించి, ఆ ఒక్క దశ గురించి వివరంగా రాస్తున్నాను.

మొదటిది డిగ్రీ. బీఎడ్‌లో మెథడాలజీగా, అంటే బోధన పద్ధతులు నేర్చుకునే విషయంగా, ఫిజికల్ సైన్స్ కావలసినవారు భౌతిక, రసాయన శాస్త్రాలను, బయలాజికల్ సైన్స్ కావలసినవారు వృక్ష, జంతు శాస్త్రాలను చదవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి సింగిల్ మేజర్ విధానం వచ్చింది కాబట్టి మేజర్‌కు జతగా ఉండే రెండో శాస్త్రాన్నే మైనర్‌గా ఎంచుకోండి. డిగ్రీలో చదివిన విషయాలూ, బీఎడ్‌లో చేసిన మెథడాలజీ రెండూ పోస్టుకు సరిపోవాలన్న సంగతి డీఎస్సీ ధ్రువపత్రాల పరిశీలన రోజున తెలుసుకొని ప్రయోజనం లేదు.

రెండోది బీఎడ్ ప్రవేశ పరీక్ష అయిన ఎడ్‌సెట్. ఇది రెండు గంటల్లో రాసే 150 మార్కుల పరీక్ష. ఆంధ్రప్రదేశ్‌లో అందులో 100 మార్కులు మీ మెథడాలజీ విషయానివే. తెలంగాణలో అందరికీ ఒకే ప్రశ్నపత్రం ఉంటుంది, అందులోని గణితం, సైన్సు, సాంఘిక శాస్త్రాల ప్రశ్నలకు పదో తరగతి వరకు ఉన్న పాఠ్యపుస్తకాలను శ్రద్ధగా చదవండి, మిగిలిన మార్కులు బోధనాభిరుచి, ఇంగ్లిషు, జనరల్ నాలెడ్జ్, కంప్యూటర్ పరిజ్ఞానానివి. కౌన్సెలింగ్‌లో ప్రయోగశాల సక్రమంగా నడుస్తున్న కళాశాలనే పెట్టుకోండి. తరగతులకు రానక్కరలేదని చెప్పే కళాశాల జోలికి అసలు పోవద్దు. జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 2014 నిబంధనల ప్రకారం తరగతులకు 80 శాతం, ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు తప్పనిసరి.

మూడోది సూక్ష్మబోధన. ప్రశ్నించడం, నల్లబల్లను వాడడం వంటి నైపుణ్యాలను తోటి విద్యార్థుల ముందు ఒక్కొక్కటిగా కొద్ది నిమిషాల పాటు సాధన చేస్తారు. ఇందులో కష్టమేమీ లేదు.

ఇక అసలు దశకు వద్దాం. రెండేళ్లలో కలిపి 20 వారాల ఇంటర్న్‌షిప్ ఉంటుంది, ఇందులో ఎక్కువ భాగం రెండో ఏడాదిలోనే వస్తుంది. దీనికి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలనే కోరుకోండి. రేపు మీరు బోధించబోయేది ఆ పిల్లలకే.

తరగతిని చూడకుండా పీరియడ్ ప్లాన్, అంటే ఒక పీరియడ్‌లో పాఠం ఎలా చెప్పాలో రాసుకునే ప్రణాళిక, రాయకూడదు. మొదటి వారమంతా ఆ పాఠశాల సైన్సు ఉపాధ్యాయుల పాఠాలను గమనించి, పిల్లలు ఏ మాట దగ్గర ఆగిపోతున్నారో రాసుకోండి. సీనియర్ల రికార్డునో, జిరాక్సు సెంటర్లలో దొరికే రెడీమేడ్ ప్లాన్లనో మక్కికి మక్కి దించడం ఎంత చెప్పినా ఆగడం లేదు. ఆ ప్లాన్లలో ప్రతి ప్రశ్నకూ పిల్లలు సరైన సమాధానమే చెప్పినట్టు ఉంటుంది. నిజమైన తరగతిలో పిల్లవాడు తప్పు చెప్పినప్పుడు ఏం చేయాలో వాటిలో ఎక్కడా ఉండదు, ఉపాధ్యాయుడి పని మొదలయ్యేదే అక్కడ. కాబట్టి ప్రతి ముఖ్యమైన ప్రశ్న కింద రాగల తప్పు సమాధానం ఒకటీ, దానికి మీరు అడగబోయే ఎదురు ప్రశ్న ఒకటీ రాయాలి. ప్లాన్‌ను చేత్తోనే రాయాలి, రెండు పుటలు దాటకూడదు.

ఒక పీరియడ్‌కు ఒకే భావన పెట్టుకోండి. ‘ఓమ్ నియమాన్ని అర్థం చేసుకుంటారు’ అని రాస్తే అది లక్ష్యం కాదు, ఎందుకంటే అర్థమైందో లేదో దానితో తేల్చలేరు. ‘ఇచ్చిన విలువలతో గ్రాఫు గీసి తీగ నిరోధాన్ని కనుక్కుంటారు’ అంటే అది లక్ష్యం. సైన్సులో పిల్లలు సాధించాలని నిర్దేశించిన ఏడు విద్యాప్రమాణాలనూ నలభై అయిదు నిమిషాల్లో సాధించినట్టు రాసిన ప్లాన్‌ను నేను వెనక్కి ఇచ్చేస్తాను, రెండు చాలు.

ప్రయోగాన్ని ఇంటి దగ్గరో, ప్రయోగశాలలోనో చేసి చూడకుండా తరగతిలోకి తీసుకెళ్లవద్దు. కిరణజన్య సంయోగక్రియకు కాంతి అవసరమని నిరూపించే ప్రయోగాన్నే చూడండి. కుండీలోని మొక్కను ముందుగా కనీసం రెండు మూడు రోజులు చీకటిలో ఉంచకపోతే, ఆకులో అంతకుముందే నిల్వ ఉన్న పిండిపదార్థం వల్ల నల్లకాగితం కప్పిన భాగం కూడా అయోడిన్ వేయగానే నీలినలుపుగా మారుతుంది. అప్పుడు పిల్లలు కళ్లారా చూసినదానికి, పుస్తకం చెప్పేదానికి పొంతన ఉండదు. పత్రహరితం తొలగించడానికి ఆకును స్పిరిట్‌లో మరిగించేటప్పుడు పరీక్షనాళికను నేరుగా మంట మీద పెట్టకూడదు. స్పిరిట్ ఆవిరి ఇట్టే అంటుకుంటుంది. నీళ్లున్న బీకరులో ఆ నాళికను నిలబెట్టి, బీకరు కింద వేడి చేయాలి. ఆకు తెల్లబడే వరకు తరగతి ఊరికే కూర్చోకూడదు కాబట్టి ఒక ఆకును ముందే రంగు పోగొట్టి ఉంచుకుని, రెండోదాన్ని పిల్లల ఎదుట మరిగించండి. అయోడిన్ చుక్కలు వేసే ముందు, ఏ భాగం రంగు మారుతుందో ప్రతి పిల్లవాడి చేతా నోటుపుస్తకంలో ఊహించి రాయించాలి. ఈ ఊహ రాయించనిదే ఆ ప్రయోగం వినోదంగానే మిగిలిపోతుంది.

ప్రశ్న అడిగాక ఆగండి. ఉపాధ్యాయులు సగటున ఒక్క సెకను కూడా ఆగడం లేదనీ, మూడు సెకన్లు ఆగితే పిల్లల సమాధానాలు నిడివిలోనూ నాణ్యతలోనూ మెరుగుపడతాయనీ అమెరికా సైన్సు విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రోవ్ 1970లలో పరిశోధించి చూపారు. ‘అర్థమైందా?’ అన్నది ప్రశ్నే కాదు, దానికి తరగతి అంతా ‘అయ్యింది సార్’ అంటుంది.

ప్రొజెక్టరు మీద బొమ్మలు చూపడం ఇప్పుడు ఆనవాయితీ అయింది. గుండె నిర్మాణాన్నో, కటకం గుండా వెళ్లే కాంతి కిరణాన్నో మీరు బోర్డు మీద ఒక్కో గీతా గీస్తూ చెబితే పిల్లలు మీతోపాటు గీస్తారు. సిద్ధంగా ఉన్న బొమ్మను చూసి ఊరుకుంటారు. అందువల్ల ఇంటర్న్‌షిప్‌లో బోర్డే వాడాలి.

పాఠం ముగిసిన రోజే, మీ పాఠాన్ని గమనించే ఆ పాఠశాల ఉపాధ్యాయుడి (గైడ్ టీచర్) అభిప్రాయంతో పాటు, ఏ ప్రశ్న పనిచేయలేదో ప్లాన్ వెనక రాసి, అదే పాఠాన్ని వీలైతే మరో సెక్షన్‌లో మార్చి చెప్పండి.

చివరిది టెట్, డీఎస్సీ. ఉన్నత పాఠశాలకు టెట్ రెండో పేపరు రాయాలి. 150 మార్కుల్లో జనరల్ అభ్యర్థులకు 60 శాతం, బీసీలకు 50, ఎస్సీ ఎస్టీలకు 40 శాతం వస్తే అర్హులు. ధ్రువపత్రం జీవితాంతం చెల్లుతుంది. డీఎస్సీలో రాతపరీక్షకు 80 శాతం, టెట్ మార్కులకు 20 శాతం వెయిటేజీ ఉన్నందువల్ల, ఒకసారి అర్హత వచ్చిందని ఆగిపోకుండా, మార్కులు పెంచుకోవడానికి టెట్‌ను మళ్లీ రాయండి.