రాడ్ అతుక్కుంటోందా, ఎంసీబీ పడిపోతోందా? ఇంటి వర్క్‌షాపులో వెల్డింగ్ మెషీన్ సమస్యలు, పరిష్కారాలు

ఇంట్లో వెల్డింగ్ మొదలుపెట్టినవారు అతుకు వికారంగా వస్తే ముందు తమ చేతినే తప్పుపడతారు. సాధనతో కుదిరిపోతుందని నమ్మి డబ్బాల కొద్దీ రాడ్లు (కరిగి అతుకును నింపే పూత కడ్డీలు) కాలుస్తారు. నేను చూసినంతలో ఆ చిక్కుల్లో చాలావాటి మూలం వేరే చోట ఉంటుంది. ఇంటికి వచ్చే కరెంటుకూ, అతికే లోహం మందానికీ, కొన్న మెషీన్‌కూ పొంతన కుదరదు. అందుకే ఒక్కో లక్షణం పట్టుకుని వెనక్కి వెళ్దాం. మెషీన్ కొనబోయేవారికీ ఈ దారే మంచిది, ఎందుకంటే రేపు ఎదురయ్యే సమస్య ఈరోజే కనిపిస్తుంది.

ఎంసీబీ పడిపోతోంది

ఎంసీబీ అంటే కరెంటు మరీ ఎక్కువైతే సరఫరా తెంచే ఆటోమేటిక్ స్విచ్. అది ఎప్పుడు పడిపోతోందో గమనించండి. సగం జవాబు అందులోనే ఉంది.

మెషీన్ స్విచ్ వేసిన క్షణంలోనే పడిపోతే, ఇన్వర్టర్ (ఎలక్ట్రానిక్ వెల్డింగ్ మెషీన్) లోపలి కెపాసిటర్లు (కరెంటు నిల్వ చేసే భాగాలు) నిండేందుకు ఒక్కసారిగా లాగిన కరెంటు దానికి కారణం కావచ్చు. బి రకం ఎంసీబీ తన రేటింగ్‌కు 3 నుంచి 5 రెట్లు దాటితే వెంటనే తెగుతుంది. సి రకం 5 నుంచి 10 రెట్ల దాకా ఓర్చుకుంటుంది. అదే రేటింగ్‌లో సి రకం వేయవచ్చేమో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి.

రెండు మూడు నిమిషాలు అతికాక పడిపోతే అది అధిక భారం. లెక్క చూడండి. 2.5 మిల్లీమీటర్ల రాడ్‌ను 80 ఆంపియర్ల మీద కాల్చినప్పుడు ఆర్క్ (రాడ్ కొనకూ లోహానికీ మధ్య వెలిగే విద్యుత్ మెరుపు) దగ్గర దాదాపు 23 వోల్టులు ఉంటాయి, అంటే సుమారు 1,850 వాట్లు. మెషీన్‌లో పోయే నష్టం, పవర్ ఫ్యాక్టర్ (లాగిన కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు) కలుపుకుంటే 230 వోల్టుల సరఫరా నుంచి సాధారణ ఇన్వర్టర్ 13, 14 ఆంపియర్లు లాగుతుంది. 16 ఆంపియర్ల ప్లగ్గు దీన్ని మోస్తుంది. 3.15 రాడ్ పెట్టి 120 ఆంపియర్లకు తిప్పితే అదే మెషీన్ 20 దాటి అడుగుతుంది. అప్పుడు ఎంసీబీ తన పని తాను చేసినట్టే.

దయచేసి పాత వైరింగ్ మీద పెద్ద ఎంసీబీ మాత్రం వేయకండి. ఎంసీబీ పడిపోవడం ఆగుతుంది, గోడ లోపలి తీగ కాలడం మొదలవుతుంది. చిన్న రాడ్‌తో సరిపెట్టుకోండి, లేదా వర్క్‌షాపుకు తగిన మందం తీగతో విడిగా లైను వేయించుకోండి. ఇక కొనేవారు పవర్ ఫ్యాక్టర్ దిద్దుబాటు ఉన్న మెషీన్ చూడవచ్చు; అదే అతుకుకు తక్కువ కరెంటు లాగుతుంది, ధర ఎక్కువ.

పడిపోయేది ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా తెంచే స్విచ్) అయితే కథ వేరు. కరెంటు ఎక్కడో భూమిలోకి కారుతోంది. తడిసిన కేబుల్, దెబ్బతిన్న ప్లగ్గు ముందు వెతకండి. ఎర్త్ తీగ విప్పేసి పని కానిచ్చేవారిని చూశాను, అది ప్రాణంతో చెలగాటం.

రాడ్ పదేపదే అతుక్కుపోతోంది

కొత్తవారిని ఎక్కువగా విసిగించేది ఇదే. ఖర్చు లేనివాటితో మొదలుపెట్టి ఇదే వరుసలో చూడండి.

మొదట ఎర్త్ క్లాంప్, అంటే అతికే లోహానికి పట్టించే పట్టుకారు. తుప్పు మీదో పెయింట్ మీదో పట్టించి ఉంటే మెషీన్ మీటర్ మీద 90 ఆంపియర్లు కనిపించినా ఆర్క్ దగ్గర ఆ బలం ఉండదు. గ్రైండర్‌తో రూపాయి బిళ్లంత చోటు మెరిసేలా గీకి అక్కడ పట్టించండి. మెషీన్‌తో వచ్చే రేకు క్లాంప్ స్ప్రింగు బలహీనంగా ఉంటే దాన్ని మార్చడం మెషీన్ మార్చడం కన్నా ఎంతో చవక.

రెండోది ఎక్స్‌టెన్షన్ తీగ. ఒక మధ్యాహ్నం గంటసేపు రాడ్‌తో పోరాడి, విసుగొచ్చి చుట్టగా పడి ఉన్న ఎక్స్‌టెన్షన్ మీద చేయి పెట్టాను. అప్పుడే దించిన గిన్నె అంచులా చురుక్కుమంది. పై పొరలు ఓ మోస్తరు వెచ్చన. లోపలి చుట్లలో తొడుగు మెత్తబడి ఒకదానికొకటి అంటుకుంది. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ 30 మీటర్లు ఉంటే 16 ఆంపియర్ల దగ్గర రానుపోను 11, 12 వోల్టులు తీగలోనే పోతాయి. ఇంటికి వచ్చే వోల్టేజీ ముందే తక్కువైతే ఇన్వర్టర్ తడబడుతుంది. ఎక్స్‌టెన్షన్ 2.5 చదరపు మిల్లీమీటర్లకు తగ్గకుండా, చుట్ట పూర్తిగా విప్పి వాడండి. ఇంకా మంచి దారి, మెషీన్‌ను ప్లగ్గు దగ్గరే ఉంచి హోల్డర్ వైపు, ఎర్త్ వైపు లావుపాటి వెల్డింగ్ కేబుళ్లను పొడిగించడం.

మూడోది ఆంపియర్లు. 2.5 రాడ్‌కు 60 నుంచి 90, 3.15కు 90 నుంచి 130 మామూలు పరిధి. భయంతో తగ్గించి పెట్టుకునేవారే ఎక్కువ. రాడ్ చెమ్మ పట్టినా ఇదే ఇబ్బంది వస్తుంది, ఆర్క్ చిటపటలాడుతుంది.

ఇవన్నీ సరిగా ఉండి, 6013 రాడ్ బాగా వెలిగి 7018 మాత్రం (ఇవి రాడ్ రకాల సంఖ్యలు) మొండికేస్తే, తప్పు మెషీన్ ఎంపికది. 6013కు దాదాపు 50 వోల్టుల ఖాళీ వోల్టేజీ (ఆర్క్ వెలగనప్పుడు మెషీన్ ఇచ్చేది) సరిపోతుంది. 7018 నిలకడగా వెలగాలంటే 70 దరిదాపుల్లో ఉండాలి. మెషీన్ రేటింగ్ ప్లేటు మీద యు0 పక్కన ఉండే అంకె ఇదే. ఇంటి పనికి, అంటే స్టాండ్లకు, గేట్లకు, బల్లలకు 6013 చాలు కాబట్టి ఇప్పటికే కొన్నవారు బాధపడనక్కర్లేదు. కొనబోయేవారు మాత్రం ఆ అంకె చూడకుండా కదలకండి.

కాసేపటికే పసుపు దీపం వెలిగి మెషీన్ ఆగిపోతోంది

ఇది చెడిపోవడం కాదు, వేడెక్కడం. దీని లెక్కంతా ప్లేటు మీదే ఉంది, మూత మీద పెద్ద అక్షరాలతో వేసిన సంఖ్యను మరచిపోండి. ప్లేటు మీద ఎక్స్ దగ్గర 20 శాతం, దాని కింద ఐ2 దగ్గర 140 అని ఉందనుకుందాం. పది నిమిషాల్లో 2 నిమిషాలు 140 ఆంపియర్ల మీద అతికి, 8 నిమిషాలు ఆగాలని అర్థం. వేడి కరెంటు వర్గంతో (స్క్వేర్‌తో) పాటు పెరుగుతుంది కాబట్టి, అదే మెషీన్ పదికి ఆరు నిమిషాలు పనిచేయాలంటే సుమారు 80 ఆంపియర్లే ఇవ్వగలదు. ఈ పరీక్ష 40 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రత దగ్గర చేసిందేనా అన్నదీ చూడాలి. ఎక్స్ వరుసే లేని ప్లేటున్న మెషీన్ నేనైతే కొనను.

అయితే అభిరుచి కోసం చేసేవారికి ఈ శాతం మీద అతి బెంగ వద్దు. 2.5 రాడ్ ఇంచుమించు నిమిషంలో కాలిపోతుంది. స్లాగ్ (అతుకు మీద గట్టిపడే పెంకు) కొట్టి, బ్రష్ చేసి, తర్వాతి ముక్క బిగించేసరికి నాలుగైదు నిమిషాలు గడుస్తాయి. మీరు వాడే ఆంపియర్ల దగ్గర 35, 40 శాతం ఉంటే హాయిగా సాగుతుంది.

దీపం వెలిగినప్పుడు స్విచ్ ఆపకండి, ఫ్యాను తిరగనివ్వండి. చుట్టూ జానెడైనా ఖాళీ ఉంచండి. గ్రైండర్ రవ్వలు మెషీన్ వైపు ఎగిరితే ఇనుప పొడి లోపలికి చేరుతుంది, అది కరెంటును మోస్తుంది. ప్లగ్గు తీసి, వెంటిలేటర్ల గుండా పొడి గాలి కొట్టండి. మూత మాత్రం విప్పవద్దు. ప్లగ్గు తీశాక కూడా కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు.

పలుచని గొట్టానికి చిల్లులు పడుతున్నాయి

2 మిల్లీమీటర్ల రాడ్, 40 నుంచి 50 ఆంపియర్లు, రాడ్ హోల్డర్ నెగటివ్ టెర్మినల్‌కు. గీత లాగకుండా చుక్కలు పెడుతూ, ప్రతి చుక్క ఎర్రదనం తగ్గాకే తర్వాతిది. వెనుక రాగి పట్టీ ఆనిస్తే వేడిని లాగేస్తుంది. ఇంత చేసినా 1.5 మిల్లీమీటర్ల కన్నా పలుచనిదానికి రాడ్ వెల్డింగ్ సరైన పనిముట్టు కాదు. మీ పనిలో ఎక్కువ భాగం రేకులైతే 0.6 లేదా 0.8 మిల్లీమీటర్ల తీగ వేసే మిగ్ మెషీనే (రాడ్ బదులు తీగను తానే అందించే రకం) కొనండి.

మిగ్ అతుకు నిండా రంధ్రాలు, చుట్టూ ఇనుప తుంపర్లు

గ్యాసు అక్కర్లేని ఫ్లక్స్ తీగ (లోపల పొడి నింపినది) వాడుతున్నారా? ముందు మెషీన్ తలుపు తెరిచి పోలారిటీ, అంటే ఏ కేబుల్ పాజిటివ్‌లో, ఏది నెగటివ్‌లో ఉందో చూడండి. ఆ తీగల్లో చాలావాటికి టార్చ్ (తీగ బయటికొచ్చే పిడి) నెగటివ్‌లో ఉండాలి. గ్యాసుతో వాడే గట్టి తీగకు టార్చ్ పాజిటివ్‌లో ఉండాలి. నేను ఇది తెలియక రెండు వారాంతాలు పోగొట్టుకున్నాను. అతుకు మురమురాలు పోసినట్టు వచ్చేది. చివరికి రెండు నట్లు విప్పి కేబుళ్లు అటుదిటు మార్చగానే వెన్న రాసినట్టు పారింది. ఆ సంతోషం ఇప్పటికీ గుర్తుంది. కొన్ని చవక మెషీన్లలో పోలారిటీ మార్చే వీలే ఉండదు, కొనేముందు తలుపు తీయించి టెర్మినళ్లు చూడండి.

గ్యాసు వాడేవారైతే నిమిషానికి 10 నుంచి 15 లీటర్ల ప్రవాహం ఉందో లేదో, ఫ్యాను గాలి అతుకు మీద పడుతోందో చూడండి. జింకు పూత ఉన్న ఇనుము అయితే అతికే చోట పూత గీకేయాలి. దాని పొగ పీలిస్తే జ్వరం వస్తుంది.

తీగ రోలర్ల దగ్గర గుట్టగా చుట్టుకుపోతే బిగింపు మరీ ఎక్కువై ఉండవచ్చు, లేదా కొన మీది రాగి టిప్పు మూసుకుపోయి ఉండవచ్చు. గట్టి తీగకు వి గాడి రోలరు, ఫ్లక్స్ తీగకు గరుకు గాడి రోలరు.

అల్యూమినియం అతుక్కోవడం లేదు

డీసీ (ఒకే దిశలో పారే కరెంటు) టిగ్ మెషీన్ (టంగ్‌స్టన్ కొనతో ఆర్క్ వెలిగించే రకం) అయితే మామూలు పద్ధతిలో అతుక్కోదు, అందులో మీ చేతి తప్పేమీ లేదు. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది, దాని మీది ఆక్సైడ్ పొర 2,000 దాటితే గానీ కరగదు. ఆ పొరను చీల్చేది ఏసీ, అంటే దిశ మారుతూ పారే కరెంటు. పెట్టె మీద టిగ్ అని ఉంటే సరిపోదు, ఏసీ/డీసీ అని ఉండాలి. రాడ్ మెషీన్‌కు అదనంగా ఇచ్చే లిఫ్ట్ టిగ్ సాధారణంగా డీసీ మాత్రమే. స్టీలుకు, స్టెయిన్‌లెస్ స్టీలుకు అది చక్కగా పనికొస్తుంది.